తోట మధ్య గ్రౌండు ఎవరిది

ముసునూరు కాపురస్తురాలు, కీర్తిశేషులు మందలపు లక్ష్మీనరసింహారావు గారి కుమార్తె, డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు, నలభై ఆరేళ్ళ మందలపు వసుంధర అనే నేను, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. "స్థిరచిత్తంతో" అని రాయమన్నారు ప్లీడరుగారు. తత్వశాస్త్రంలో ఎం.ఏ. చదివినదాన్ని, ఆ మాట దగ్గర కలం కాసేపు ఆగింది. నా చిత్తం ఏనాడూ పూర్తిగా స్థిరంగా లేదు. అయితే ఏది ఎవరికి ఇస్తున్నానో, ఎందుకిస్తున్నానో నాకు స్పష్టంగా తెలుసు. చట్టానికి కావలసింది అంతేనట.

వచ్చే వారం విజయవాడలో నా గుండె కవాటానికి ఆపరేషన్. తిరిగొస్తాననే నా నమ్మకం. రాకపోతే ఇది అమలవుతుంది.

నాకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, అమ్మానాన్నలు లేరు. ఏమీ రాయకుండా పోతే, నాన్న నాకిచ్చిన ఎకరంన్నర చట్టప్రకారం తమ్ముడు కృష్ణకాంత్‌కు చేరుతుంది. అతను దాన్ని ఇళ్ళ ప్లాట్లు చేసి అమ్ముతాడు. చాటుమాటు లేదు, నా ముఖం మీదే చెప్పాడు. ఆ ఎకరంన్నరలో ఇప్పుడు చుట్టుపక్కల ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడుతున్నారు. అందుకే ఈ రాత.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా స్నేహితురాలు, స్కూలు టీచరు సుసన్నాది. సాఫ్ట్‌బాల్‌లో మేమిద్దరం కలిసి ఇండియాకు ఆడాం. ఆమె బంతి వేస్తే నేను బ్యాటు పట్టినవాళ్ళ వెనక కూర్చుని పట్టేదాన్ని. ఏ బంతి వేయాలో నేను వేళ్ళతో సైగ చేస్తే, తల అడ్డంగా ఊపి తనకు తోచింది వేసేది. చాలాసార్లు అదే సరైన బంతి. ఇందులో నా రాత అర్థం కాని చోట కూడా సుసన్నా అలాగే చేయవచ్చు.

2. నా పాత గ్లవ్ మంగమ్మ కూతురు దివ్యకు. మా తోటలో మామిడి కోతకొచ్చే ముఠాకు మంగమ్మ పెద్ద. గెడకు కట్టిన చిక్కం వల అందని కొమ్మల్లో రసాలను పైకెక్కినవాడు తుంచి వదిలితే, కింద మేం చేతులతో పట్టేవాళ్ళం. నేల తగిలిన కాయ మాగేసరికి లోపల నల్లబడుతుంది. అందుకని కాయతోపాటు చేతులు కిందికి పోనిచ్చి, మోకాళ్ళు వంచి, గడ్డి మీద మెల్లగా దించడం చిన్నప్పుడే అలవాటైంది. సాఫ్ట్‌బాల్‌లో ఆ మెత్తని చేతులే నన్ను ఇండియా జట్టుకు చేర్చాయి. తర్వాత హ్యాండ్‌బాల్‌కు మారాను. మొదటి మ్యాచ్‌లోనే, వచ్చిన బంతిని పట్టి, వంగి, కాళ్ళ దగ్గర జాగ్రత్తగా దించాను. ఎదుటి జట్టు పిల్ల దాన్ని ఎత్తుకుపోయి గోలు కొట్టింది. "అది బంతే తల్లీ, రసం కాయ కాదు! గడ్డిలో మాగబెడతావేంటి!" అని కోచ్ ఒకటే కేకలు. ఆ ఆటలోనూ ఇండియాకు ఆడేదాకా నన్ను జట్టులో అందరూ "రసాలమ్మా" అనే పిలిచారు. ఈ కథ చెబితే మంగమ్మ నవ్వలేదు. "మరి దించకపోతే దెబ్బ తగలదా అమ్మాయిగారూ?" అంది. దివ్య కూడా బంతిని అలాగే పడుతోంది. ఏ కోచ్ వచ్చినా ఆ అలవాటు పూర్తిగా మాన్పించవద్దని మనవి.

3. సన్మానాల్లో నాకు కప్పిన శాలువలన్నీ మంగమ్మ ముఠాకు, కోతలప్పుడు సొన ఒంటిమీద పడకుండా కప్పుకోవడానికి. ఒక సభలో నన్ను క్రికెట్ క్రీడాకారిణి అన్నారు. అది కాదండీ అంటే, "ఏ ఆటైనా బంతే కదమ్మా" అని మైకులోనే నవ్వారు. ఆనాటి ఎర్ర శాలువను మసిగుడ్డలుగా చింపాలి.

4. ఇంట్లో నా వాటా, నా హ్యాండ్‌బాల్ పతకం తమ్ముడు కృష్ణకాంత్‌కు. నేను పోటీలకు వెళ్ళే రోజుల్లో తెల్లారకముందే సైకిల్ మీద నన్ను నూజివీడు బస్టాండులో దించి, బస్సు కదిలేదాకా నిలబడింది అతనే. గ్రౌండు కోసం చెట్లు తీయించినప్పుడు, "కాసే మామిడి కొట్టించావు గదక్కా, ఇంక బంతులు కాస్తాయా?" అని పదిమందిలో వెక్కిరించిందీ అతనే. కాసే చెట్టు కొట్టడం మావైపు పాపం. నాన్న ఒప్పుకున్నారు గానీ ఆ రోజు తోటలోకి రాలేదు. చేసింది తప్పేమోనని ప్రతి వేసవీ అనుకుంటాను. సాయంత్రం పిల్లలు గ్రౌండులోకి దిగగానే ఆ అనుమానం పోతుంది.

5. దక్షిణాన రోడ్డు, మిగిలిన మూడు వైపులా కృష్ణకాంత్ తోట హద్దులుగా గల ఆ ఎకరంన్నరను, అమ్మడానికీ దానం చేయడానికీ కూడా సర్వహక్కులతో, నా మరదలు హరితకు ఇస్తున్నాను. హరిత కృష్ణకాంత్ భార్య. బాపులపాడు నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చింది. పదో తరగతిదాకా సాఫ్ట్‌బాల్ ఆడింది. ఆ సంగతి మేమెవరం అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒక ఆదివారం అంపైరు రాకపోతే, పెరుగన్నం కలుపుతున్న చెయ్యి కడుక్కుని, కొంగు నడుముకు దోపి వచ్చి నిలబడింది. మొదటి అవుటు ఇవ్వగానే గట్టు మీద నుంచి కృష్ణకాంత్, "అవుటేంటే? కళ్ళు కనపడట్లేదా?" అని అరిచాడు. "బయట కూర్చున్నవాళ్ళు మాట్లాడకూడదండీ" అంది, తల కూడా తిప్పకుండా. అప్పటి నుంచీ ఆదివారాలు అంపైరు ఆమే.

అమ్మరాదని షరతు పెట్టమన్నారు ప్లీడరుగారు. చాలా ఊగిసలాడి, పెట్టలేదు. షరతు పెడితే హరిత నా కాపలాదారు అవుతుంది. గ్రౌండుకు కావలసింది యజమాని. అమ్మదని నా నమ్మకం. వాళ్ళ కాపురంలో చిచ్చు పెడుతున్నానేమోనని మాత్రం భయమేసి, ముందే ఆమెను అడిగాను. "చిచ్చేముంది వదినా! ఆయన రోజూ అరుస్తూనే ఉంటారు, నేను రోజూ వండుతూనే ఉంటాను. స్థలం నా పేర ఉంటే కాస్త మెల్లగా అరుస్తారు" అంది.

6. ఈ వీలునామా చెల్లదని కృష్ణకాంత్ దావా వేయదలిస్తే, అది అతని హక్కు. అప్పుడు ప్రతివాది అతని భార్యే. కోర్టు నూజివీడులో ఉంది, ఇంట్లో ఉన్నది ఒకటే బండి. వాయిదా వాయిదాకూ ఇద్దరూ దాని మీదే కలిసి వెళ్ళి, దాని మీదే కలిసి తిరిగి రావాలి.

ఇది నా సమ్మతితో రాసి, కింది సాక్షుల ఎదుట చదివి సంతకం చేశాను.

ముసునూరు, 2025 మార్చి 9, ఆదివారం.

(సం.) మందలపు వసుంధర

సాక్షులు:
1. జోజిబాబు, ముసునూరు
2. ఇన్నమ్మ, నూజివీడు