ఎర్రదుమ్ములో ఫ్రిజ్ స్లైడు

సండూరు,
మే మొదటి వారం

గోపీ అన్నయ్యకి,

ఫోన్‌లో మనిద్దరం రెండో మాటకే అరుచుకుంటాం, మూడో మాటకి నువ్వు పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు కాబట్టి రాస్తున్నాను. దీంతో పాటు ఒక బొమ్మ గీసి పంపుతున్నాను. ముందు ఉత్తరం చదువు, బొమ్మ తర్వాత చూడు.

నా కుడి భుజం బాగవలేదు. ఇంట్లో అందరికీ బెణికిందని చెప్పాను. జరిగింది వేరు. చలికాలంలో హగరి దగ్గర ఒక గేదె ఈనలేక అవస్థ పడుతుంటే, లోపల అడ్డం తిరిగిన దూడని సరిచేయడానికి చెయ్యి పెట్టాను. గేదె ఉన్నట్టుండి కూలబడింది. నా చెయ్యి లోపలే ఉంది. గేదె బతికింది, దూడ బతికింది, నా భుజంలో కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువు తెగిపోయింది. ఆపరేషన్ చేసినా ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదని బళ్ళారిలో డాక్టరు చెప్పాడు. ఇంకో డాక్టరుని అడిగాను. అదే మాట. ఛాతీకి కిందైతే పనిచేస్తుంది. సూది వేయగలను, ఈ ఉత్తరం రాయగలను.

ఈ సంగతి తెలిస్తే నువ్వేమంటావో నాకు తెలుసు. బళ్ళారిలో నా క్లినిక్ కోసం గది చూసి పెట్టావు. ఏసీ ఉంది, బల్ల ఉంది, కుక్కల్నీ పిల్లుల్నీ పెంచేవాళ్ళే తీసుకొస్తారు, జీపు అమ్మేయొచ్చు. అది తక్కువ పని అని నేననను. నాకు వచ్చిన పని అది కాదు. నాకు వచ్చింది గొర్రె, గేదె, ఎద్దు. పశువు ఉన్న చోటికి వెళ్ళడం. బండ్రి చుట్టుపక్కల గొర్రెల కాపర్లు ఈ ఏడు చిటుకు రోగం టీకాల పని నాకు అప్పగించారు. తొలకరి పచ్చిక మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉండే రోగం అది. వానలకి ముందే మందలన్నిటికీ టీకా పడాలి. టీకా చల్లగా ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. అందుకే జీపులో బ్యాటరీతో నడిచే ఫ్రిజ్ పెట్టించాను.

చిక్కల్లా ఆ ఫ్రిజ్‌తోనే. అది పెట్టె లాంటిది, మూత పైకి తెరుచుకుంటుంది. జీపు వెనక నేల ఎత్తు, దాని మీద ఫ్రిజ్ ఎత్తు, ఆ పైన మందుల అర. మూత పూర్తిగా తెరవాలంటే ఫ్రిజ్ బయటికి రావాలి. బయటికి వచ్చినా నా పొడుగుకి మూత భుజం దగ్గర ఉంటుంది. ఫ్రిజ్‌ని పట్టాల మీద బయటికి జార్చే స్లైడులు బెంగళూరులో అమ్ముతుంటే చూశాను. చౌకవి బయటికి మాత్రమే వస్తాయి. వచ్చి కిందికి దిగేవి కూడా ఉన్నాయి, కానీ దళసరిగా ఉండి ఉన్న ఎత్తుని ఇంకా పెంచుతాయి. పైగా ఇంత మోస్తుందని వాళ్ళు చెప్పే బరువు బండి నిలబడి ఉన్నప్పటిది. గుట్టల దారిలో ఒక గుంతలో పడితే అదే బరువు ఎన్ని రెట్లై తగులుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. వరి మడిలో తిరిగే ట్రాక్టర్లకి ఇనప చక్రాలు కట్టేవాడివి.

నాకు కావలసింది ఇది. ఫ్రిజ్ మొత్తం బయటికి రావాలి. వచ్చాక ఒక అడుగు కిందికి దిగాలి, డిక్కీ తలుపులకి ఉండే గ్యాస్ రాడ్లు దాని బరువు మోయాలి. లోపల ఉన్నప్పుడూ బయట ఉన్నప్పుడూ కదలకుండా లాక్ పడాలి.

ఒక ఒప్పందం చేసుకుందాం. నువ్వు చేసిన స్లైడుతో బండ్రి టీకాలు ఎవరి సాయం లేకుండా నేనొక్కదాన్నే పూర్తి చేస్తే, బళ్ళారి గది మాట మళ్ళీ ఎత్తకూడదు. చేయలేకపోతే జీపు నేనే తెచ్చి నీ రిపేరు షెడ్డు ముందు నిలబెడతాను.

నీ చెల్లెలు
పద్మశ్రీ


సండూరు,
జూన్

అన్నయ్యా,

స్లైడు ఎలా ఉందని నువ్వు అడగలేదు. అడిగితే నేను గెలిచానని చెబుతానని భయం కాబోలు. ఆ భయం అక్కర్లేదు. బండ్రిలో స్లైడు ఇరుక్కుపోయింది.

తప్పు నీదే అని రాయాలని మొదలుపెట్టి ఆగాను. నువ్వు పట్టాల నిండా గ్రీజు కూరి పంపావు. నేనేం చేశాను? బయలుదేరే ముందు నా గ్రీజు గన్ను తీసి ఇంకాస్త కొట్టాను. నేనూ కాలవ కింద వరి పండించే మన క్యాంపులో పుట్టినదాన్నే. కోత మిషనుకి గ్రీజు కొట్టకుండా మన ఇంట్లో ఎవరూ టిఫిను ముట్టరు. అక్కడ అది సరైన పనే. కాలవ నీళ్ళు, బురద, గ్రీజు లేకపోతే బేరింగులోకి తడి పోతుంది. ఇక్కడ తడి లేదు. గనుల లారీలు లేపే ఎర్రదుమ్ము ఉంది. అది ఇనుము పొడి. గ్రీజులో కలిస్తే మీరు షెడ్డులో వాల్వులు అరగదీసే పేస్టు అవుతుంది. ఇన్నేళ్ళుగా ఇక్కడ తిరుగుతున్న నాకు ఆ ఆలోచన రాలేదు.

బండ్రి అవతల దొడ్డి దగ్గర జీపు ఆపి లాగాను. జానెడు బయటికి వచ్చి ఆగింది. ఎడమచేత్తో లాగాను, కాలు తన్నిపెట్టి లాగాను. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. మూత నాలుగు వేళ్ళ సందు తెరుచుకుని అరకి తగిలింది. లోపల టీకాలు చల్లగానే ఉన్నాయి. తీసే దారి లేదు. దొడ్డిలో గొర్రెలన్నీ మేతకి తొక్కుకుంటున్నాయి.

హొన్నప్ప అని ఆ మంద పెద్ద. కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.

"ఏంది డాక్టరమ్మా, నీ పెట్టె మా పొట్టేలు కన్నా మొండిగా ఉండాదే!"

"ఒక్క నిమిషం హొన్నప్పా, వస్తుంది."

"యాడొస్తాది? నేనూ చూస్తానే ఉండా. ఎండెక్కుతాంది. మందని ఇడిస్తే మల్ల మాపటి దాకా దొరకవు."

ఇంకోసారి లాగాను. అప్పుడు అతని భార్య ఉచ్చంగెమ్మ నన్ను పక్కకి నెట్టింది. "సాకు సాకు, లాగింది చాలు, జరుగు. ఆ కుడి రెక్క లేవదని మాకు ఎప్పుడో గొత్తు."

ఎలా తెలుసు, ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవురో చెప్పల్లా? గొర్రె కుంటితే యా కాలో చూస్తానే చెప్తాం. ఈ ఏడు నువ్వు వచ్చిన మొదటినాడే మా ఆయప్ప అన్న్యాడు, ఈ యమ్మకి కుడిపక్క పనిచెయ్యదు అని. నిన్ను మా తాన ఎడమచెయ్యి డాక్టరమ్మ అనే అంటారు."

"మరి నాతో ఎవరూ అనలేదే!"

"నువ్వు దాస్తాంటివి. మేమేంటికి అడగల్ల?"

హొన్నప్ప అందుకున్నాడు. "చెప్తే ఇంకో డాక్టరును పిలుస్తాం అనుకుంటివా? ఈ గుట్టలకి వచ్చే ఇంకో డాక్టరు యాడుండాడో చూపియ్యి, ఇప్పుడే పిలుస్తా!"

దొడ్డి దగ్గర ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఉచ్చంగెమ్మ ముందు సీటు మీదుగా జీపులోకి పాకి, సన్నటి చెయ్యి ఆ సందులో దూర్చి, నేను చెప్పిన సీసాలు ఒక్కొక్కటే తీసి ఇచ్చింది. "ఇది పాల ప్యాకెట్టు లెక్క చల్లగా ఉండాది, ఇదేనా?" అని ప్రతి సీసాకీ అడిగింది. వాళ్ళు గొర్రెల్ని పట్టారు, నేను సూదులు వేశాను. ఎండ ముదిరేలోపు దొడ్డి ఖాళీ అయింది. మిగతా మందల దగ్గరా ఇలాగే చేశాం. ఫ్రిజ్ జానెడు బయటే ఉంది, ఉచ్చంగెమ్మ జీపులో నా పక్క సీటులో ఉంది. ఈ వారం పని పూర్తయింది.

ఇప్పుడు మన ఒప్పందం సంగతి. దాని ప్రకారం నేను ఓడిపోయాను. స్లైడు ఆగిపోయింది, సాయం తీసుకున్నాను. అయినా బళ్ళారి రావడం లేదు. నువ్వు అరుస్తావని తెలిసే రాస్తున్నాను. స్లైడు పనిచేస్తేనే నేను పనిచేయగలనని అనుకుని ఆ ఒప్పందం పెట్టాను. స్లైడు పనిచేయలేదు. నేను పనిచేశాను. మందల్లో టీకా పడని గొర్రె లేదు. కాబట్టి ఒప్పందమే తప్పు, దాన్ని నేనే కొట్టేస్తున్నాను.

స్లైడు విప్పించి బస్సులో పంపుతున్నాను. కిరసనాయిలుతో కడుగు. పట్టాల్లోని ఉక్కు బంతులు తీసేసి నైలాన్ పట్టీల మీద జారేలా చెయ్యి. పొడిగా ఉంచు. గ్రీజు గన్ను దాని దగ్గరికి రానివ్వకు.

పద్మ


క్యాంపు,
జూన్ నెలాఖరు

పద్మకి,

నాకు రాయడం అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకో.

గ్రీజు లేకుండా ఇనుము జారడమేంటని మొదట నవ్వాను. పట్టాలు విప్పాక నవ్వలేదు. వేలు పెడితే ఎర్రటి పేస్టు, దాని కింద గీతలు. నువ్వు చెప్పినట్టే నైలాన్ పట్టీలు వేశాను. ఇంత దుమ్ము తెచ్చి దాని మీద పోసి లాగాను. దుమ్ము రాలిపోతోంది, అంటుకోవడం లేదు.

బళ్ళారి గది వెనక్కి ఇచ్చేశాను. ఇప్పుడక్కడ జీన్స్ ప్యాంట్లకి గుండీలు కొడుతున్నారు.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు భుజం సంగతి చదివి కోపమొచ్చింది. అమ్మకి కూడా చెప్పకుండా ఇన్నాళ్ళు ఎలా ఉన్నావని. ఆ కోపంలో ఉత్తరం మడిచి పెట్టేసి, బొమ్మ ఒక్కటే గోడకి అంటించి పని చేశాను. మొన్న ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. చదివాక కుడిచెయ్యి తువ్వాలుతో నడుముకి బిగించి కట్టుకుని స్లైడు ముందు నిలబడ్డాను. షెడ్డులో కుర్రాళ్ళు పనాపి నవ్వారు. "అన్నకి ఏమైంది?" అన్నాడు సురేష్. నవ్వుకోనిచ్చాను.

లాక్ తీసే గొళ్ళెం కుడివైపు పెట్టానని నాకు అప్పుడు తెలిసింది. ఎడమచెయ్యి అవతలికి తిప్పి, ఒళ్ళు మెలేసి తీయాలి. దుమ్ము పట్టకపోయినా నువ్వు రోజూ ఆ అవస్థ పడేదానివే. రెండో ఉత్తరంలో ఆ మాట నువ్వు రాయలేదు.

గొళ్ళెం ఎడమవైపుకి మార్చాను. ఫ్రిజ్ బదులు అంతే బరువున్న మూత పెట్టె ఎక్కించి, తువ్వాలు విప్పకుండానే తీశాను, దింపాను, మూత తెరిచాను, మళ్ళీ లోపలికి తోశాను. వస్తోంది. ఆదివారం జీపు తీసుకురా, బిగిస్తాను.

అన్నయ్య
గోపీకృష్ణ