ఊపిరి బిగబట్టని నర్సింలు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బోధన్‌లో నీ కుస్తీల తాలీంఖానా తాళం ఇప్పుడు నా దగ్గరే ఉంది. చెరుకు తూకం దగ్గర పనిచేసే నీ శిష్యుడు నర్సింలు మీద నాకు నెల రోజులుగా అనుమానం. పెద్ద రాతి గుండు ముట్టడు. చిన్నది ఎత్తినా ఊపిరి వదులుతూ ఎత్తి, వెంటనే గజ్జ తడుముకుంటాడు. కుస్తీలో కావాలని ఓడిపోవడానికి అవతలివాళ్లతో మాట్లాడుకున్నాడనుకున్నాను. ఈ పొద్దున నిలదీశాను.

"నాకు పేగు జారిందన్నా. డాక్టర్ చిన్నవే లేపుమన్నడు. ఎట్ల లేపాల్నో ఉస్తాద్ బతికున్నప్పుడే నేర్పిండు. దమ్ము బిగబట్టొద్దు, ఇడుసుకుంట లేపాలె, నొస్తే దించాలె అన్నడు. తనకు గూడ గదే ఉందని, ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకుండు."

జాతరలో రాతి గుండు ఎత్తిన మూడోనాడు పేగు మెలిపడి నువ్వు పోతే, వైద్యం సరిగా చేయలేదని నేను డాక్టర్నే అనుమానించాను. నీకు అన్నీ ముందే తెలుసన్నమాట.

ఆ రోజు గుండు మీదికి వంగి, ఒక్క క్షణం ఆగి నా వైపు చూశావు. జంకుతున్నావేమోనని అనుమానం వచ్చింది నాకు. "దమ్ము బిగబట్టన్నా" అని జనమంతా వినేలా అరిచాను.

నువ్వు బిగబట్టావు.