మామ ఊపిరితిత్తుల్లో కాపలావాళ్ళు

కర్నూలు,
1958 మార్చి.

పూజ్యులైన తిమ్మారెడ్డి మామ గారికి శేషారెడ్డి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం, శివన్న మామ తప్ప. మిరపకళ్ళం అంటుకున్నప్పుడు ఆర్పబోయి మీ తమ్ముడు పీల్చిన పొగ ఊపిరితిత్తుల్లోకి పోయింది. మన నెత్తుట్లో తెల్లకణాలని కాపలావాళ్ళు ఉంటారు. వాళ్ళు గుంపుగా అక్కడికి పరుగెత్తారు. ఇప్పుడు శత్రువు లేకపోయినా అక్కడినుంచి కదలకుండా ఊపిరితిత్తుల గోడలే పడగొడుతున్నారు. పొగకన్నా వీళ్ళు చేసిన చేటే ఎక్కువని మా పెద్దడాక్టరు అనుమానం. ఊపిరి తిరిగేదీ లేనిదీ ఇప్పుడే చెప్పలేను.

మీ మేనల్లుడు,
శేషారెడ్డి

తా.క. నిప్పు పెట్టింది మీ పాత పగవాడు ఈరన్నే అని మీరు మనుషుల్ని పోగుచేస్తున్నారట. తొందరపడవద్దు.

---

మైదుకూరు తాలూకా.

చిరంజీవి శేషారెడ్డికి మామ ఆశీస్సులు.

మన ఊరి టపా సంచి ఈరన్న బావమరిది చేతిలో ఉంటుందని ఎంత మర్మంగా రాశావురా! డాక్టరు చదువు ఊరికే పోలేదు. కళ్ళం తగలబెట్టింది ఈరన్న కాదు, నేను తిండి పెట్టి సాకుతున్న కాపలావాళ్ళే, అంతేనా? తెల్ల తలపాగావాళ్ళు మనకు నలుగురున్నారు. వాళ్ళలో ఎవడో రాయి. అంతవరకు ఈరన్న ఇంటిమీదికి పోవడం ఆపాను.

మామ,
తిమ్మారెడ్డి

తా.క. శివన్న జబ్బు నిజమేనా, అదీ మర్మమేనా? వాడి భార్య, నీ అత్త సుంకమ్మ అన్నం ముట్టడం లేదు. ఏడవమనాలా, మానమనాలా?

---

కర్నూలు.

మామ గారికి నమస్కారాలు.

జబ్బు నిజం. మిగతాది మర్మం కాదు, వైద్యం. తెల్లకణాలు కంటికి కనిపించవు, తలపాగాలు చుట్టుకోవు. సూదిమందుతో వాటిని కాస్త అణచాం. బొత్తిగా లేకుండా చేస్తే మామూలు చీముపుండు కూడా ప్రాణం తీస్తుంది. శివన్న మామ ఈ పూట గంజి తాగాడు.

శేషారెడ్డి

తా.క. ఎవరినీ కొట్టవద్దు. అత్తను అన్నం తినమనండి.

---

మైదుకూరు తాలూకా.

చిరంజీవి శేషారెడ్డికి ఆశీస్సులు.

కొట్టలేదు. నలుగురు కాపలావాళ్ళనూ నిలబెట్టి నీ మొదటి ఉత్తరం చదివించాను. "వీళ్ళు చేసిన చేటే ఎక్కువ" అనేసరికి వాళ్ళలో పుల్లన్న నా కాళ్ళమీద పడ్డాడు.

"తప్పయిపాయ రెడ్డీ! బీడీ తాగి యాడ పారేసినానో నాకే తెలీదు. కర్నూల్లో ఉండే అబ్బోడికి ఎట్ల తెలిసిపాయనప్పా!"

ఒక బీడీ ముక్కకు ఈరన్న ఇంట్లో పీనుగలు లేచేవి కదరా! ఇద్దరిని ఉంచి మిగతావాళ్ళను ఇళ్ళకు పంపేశాను. తర్వాత సిగ్గు విడిచి ఈరన్న గడప తొక్కాను. అతను "శివన్నకు ఎట్లుండాది?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మామ,
తిమ్మారెడ్డి

తా.క. రేపటి బస్సుకు నేనూ ఈరన్నా కలిసి వస్తున్నాం. శివన్నకు ముందే మెల్లగా చెప్పి ఉంచు. మా ఇద్దరినీ పక్కపక్కన చూస్తే, మీరు నిలబెట్టిన ఊపిరి కాస్తా ఆగిపోగలదు.