జామ డ్రమ్ములో పచ్చి గత్తం

జూన్ 9, ఆదివారం

పొద్దున డాబా మీద డ్రమ్ములో పెంచుతున్న జామ మొక్క ఆకులు తుడుస్తుంటే గుడ్డకు నల్లటి దుమ్ము అంటింది. కానీ ఆకుల అంచులు మాత్రం మాడినట్టే ఉండిపోయాయి. కంచరపాలెంలో ఏది నల్లబడినా పోర్టు బొగ్గు దుమ్మే అనుకుంటాం. అందుకే వారం నుంచి ఆకులు కడుగుతున్నాను గానీ మట్టి వైపు చూడలేదు.

పద్మనాభంలో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేశాను. కోళ్ల ఫారం ఎరువు తెచ్చినది తెచ్చినట్టే డ్రమ్ములో వేశానని చెప్పగానే నవ్వింది.

"పచ్చి గత్తం ఏసీసినావేటే? కోడిది మరీ ఏడి. ఏర్లు కాలిపోవా? పొయ్యి మీంచి దించిన గంజి నీ నోట్లో పోత్తే ఎలాగుంటాది?"

నా పుస్తకంలో సేంద్రియ ఎరువు అని ఉంది. గత్తం అన్న మాటే నాకు బాగుంది. కానీ మొక్క బతుకుతుందా? అమ్మ అప్పుడే "సచ్చిపోతే సెప్పు, డ్రమ్ము నీళ్లకి కావాల" అంటోంది.

రేపు పొద్దున పైన వేసిన గత్తమంతా తీసి, అడుగు కన్నంలోంచి కారేదాకా నీళ్లు పోయాలి. తీసింది పారేయకుండా మట్టి కప్పి మాగబెట్టాలి. మొక్కకు బలం మిగలాలంటే పిందెలు కూడా తుంపేయమంది అమ్మమ్మ. తొలి కాపు, ఉన్నవి రెండే. ముందు అవే తుంపుతాను, ఎండ రాకముందే.