అన్నిటికీ ఒకటే లెన్సు

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మన స్టూడియో, లైట్లు పట్టే మీసాలాయనా క్షేమంగానే ఉన్నాం. నీటి మీద నువ్వూ, నీ ఓడా కూడా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఇంజను గదిలో నిన్ను ఒంటరిగా డ్యూటీకి నిలబెట్టారని రాసిన పేజీని మీసాలాయనకి కూడా చదివి వినిపించాను. ఆయన వెంటనే పక్క టైలరు షాపుకి వెళ్లి, ఓడంతా నువ్వే నడుపుతున్నావని చెప్పి వచ్చాడు. నేను సరిదిద్దలేదు.

ఇక నువ్వడిగిన మాట. ఇన్నాళ్లూ రెండు భుజాలకీ రెండు కెమెరాలు తగిలించుకుని, దగ్గరికొకటి దూరానికొకటి అంటూ తిరిగిన అమ్మ, ఉన్నట్టుండి అన్నిటికీ ఒకటే జూమ్ లెన్సు కొనడమేమిటనే కదా? చెబుతాను. ముందు కొన్న కథ విను.

షాపాయన అన్నిటికన్నా దూరం లాగే లెన్సు నా చేతిలో పెట్టాడు. "ఇదొక్కటుంటే చాలమ్మా, ఎదురుగా ఉన్న మనిషి నుంచి చందమామ దాకా అన్నీ వస్తాయి" అన్నాడు. చందమామ మా స్టూడియోకి ఎప్పుడూ ఫొటో దిగడానికి రాలేదని చెప్పాను. షాపుకి వెళ్లేముందే పాత ఫొటోలన్నీ కంప్యూటర్లో తిరగేశాను లే. ఏ ఫొటో ఎంత జూమ్‌లో తీశామో అందులో ఉంటుంది కదా. ఇన్నేళ్లూ మనకి అన్నం పెట్టిన ఫొటోలన్నీ ఒక గుంపు మొత్తం పట్టేంత వెడల్పుకీ, వేదిక కింద నుంచి ఒక ముఖం అందేంత దూరానికీ మధ్యలోనే ఉన్నాయి. అంతకు మించిన దూరాన్ని ఊరికే మోశాను.

అయినా ఆయన మాట ఎందుకు కాదనాలని, దాన్ని మెడలో వేసుకుని వీధి చివరిదాకా నడిచాను. నాలుగడుగులు వేసేసరికి లెన్సు తనంతట తనే కిందికి జారి జానెడు పొడుగైంది.

"అది మామూలేనమ్మా, చేత్తో పట్టుకుని నడవాలి" అన్నాడు షాపాయన, తిరిగొచ్చి చూపిస్తే.

"నా పిల్లే చెయ్యి వదిలేసి నడుస్తోందండీ. ఇప్పుడు దీన్ని పట్టుకుని నడిపించమంటారా?" అన్నాను.

ఆయన నవ్వి, లోపలి నుంచి ఇంకోటి తెచ్చాడు. చిన్నది, తేలిక. మళ్లీ వీధి చివరిదాకా వెళ్లొచ్చాను, జారలేదు. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి పట్టుకుంటే బరువే తెలియలేదు. అదే తీసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. కంగారు పడకుండా చదువు. నా ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. వానాకాలం నుంచీ ఇంతే. డాక్టరమ్మ బరువులు మొయ్యొద్దంది. నీకెందుకు రాయలేదంటే, చదివిన మరుక్షణం పెట్టె సర్దేస్తావని. మీసాలాయన ఫోన్లో నోరు జారినట్టున్నాడు, "అవసరమైతే ట్రైనింగ్ మానేసి వచ్చి స్టూడియో చూసుకుంటా" అని రాశావు. చెయ్యి పట్టేసినప్పుడు కూడా నేనంత భయపడలేదు.

అందుకే స్కూలు ఆటల పోటీలు అయ్యాక జవాబు రాద్దామని ఆగాను. అక్కడ నెగ్గుకురాలేకపోతే నీకేం చెప్పాలో నాకే తెలియదు. ఆ ఒక్క లెన్సుతోనే వెళ్లాను. చెయ్యి ఎత్తలేను గనక ముగింపు గీత పక్కన నేల మీద చతికిలబడి, మోచెయ్యి మోకాలికి ఆనించుకున్నాను. పిల్లల కవాతు మొత్తం పట్టింది. కాస్త తిప్పితే, పరుగు పందెంలో ఆఖరున వస్తున్న పిల్ల ముఖం దొరికింది. కింద నుంచి తీశానేమో, ఆ పిల్ల ఆకాశమంత ఎత్తున పరిగెత్తుకొస్తున్నట్టుంది. హెడ్‌మిస్ట్రెస్ ఆ ఫొటోని పెద్దది చేయించి గుమ్మం ఎదురుగా పెట్టించింది.

"ఇన్నేళ్లుగా తీస్తున్నారు గానీ, ఇంత బాగా ఎప్పుడూ రాలేదండీ" అంది.

"అవునండీ" అన్నాను. వినయం నాకు ముందు నుంచీ అచ్చిరాలేదు. వచ్చే ఏడాది పని కూడా మనకే ఇచ్చారు.

గర్వంగా ఉందే. నీ మీద ఎప్పుడూ ఉండేదే, ఇప్పుడు నా మీద నాకు కూడా. కాబట్టి స్టూడియోకి మనిషి కావాలంటే నేనున్నాను. నువ్వు రావద్దు. సెలవిచ్చినప్పుడు మాత్రం రా. నూనె మరకలున్న ఆ పని బట్టలు ఉతక్కుండా తీసుకురా. నువ్వు అవి వేసుకుని నిలబడు, నేను నేల మీద కూర్చుని తీస్తాను.

ఇట్లు,
షట్టరు దించే ఆలోచన లేని
మీ అమ్మ