ఎదురు మర

ఫిబ్రవరి 2

బస్సు డిపోలో మెకానిక్ పనిలోంచి నన్ను సస్పెండ్ చేశారు. మూడు నెలలు. స్టోర్ కీపర్ మూతి మీద ఒక్కటే గుద్దాను. రిపోర్టులో మూడు అని రాశారు. అబద్ధాలంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంటికొచ్చేసరికి షెడ్డులో పాత ఇనుము కొనేవాడు. పోయిన మా నాన్న జీపు టైర్లను వాడు కాలితో తన్ని చూస్తున్నాడు. పిలిచింది చిన్నోడట. నా తమ్ముడు, ముప్పై ఆరేళ్ళొచ్చినా ఇంట్లో చిన్నోడే. టైలరు. పడగ్గదిలో మంచం పక్కన మిషను పెట్టుకుని కుడతాడు. జీపు కదిలి పంతొమ్మిదేళ్ళయింది కదన్నయ్యా, షెడ్డు ఖాళీ అయితే షాపు పెట్టుకుంటాను అన్నాడు. ఇనుమువాణ్ణి కాలరు పట్టుకుని గేటుదాకా ఈడ్చాను. వెనక్కి వచ్చేసరికి చిన్నోడు అప్పటికే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. దెబ్బ పడేముందు కళ్ళజోడు తీసెయ్యడం మా ఇంట్లో అలవాటు. నాన్న నాటి నుంచీ ఉన్నదే.

చెంప మీద రెండు, వీపు మీద ఎన్నో లెక్కలేదు. అమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది.

ఫిబ్రవరి 3

జీపు నేనే బాగు చేస్తాను. ఎవడొస్తాడో రానీ.

ఫిబ్రవరి 9

ఎయిర్ క్లీనర్‌లో ఎలుకలు కాపురం పెట్టాయి. కార్బ్యురేటర్ తుప్పుతో బిగుసుకుపోయింది. బ్రేకు గొట్టాలు చేత్తో నలిపితే పొడి అవుతున్నాయి. అన్నీ మార్చాలి.

కుడి ముందు భాగం నుజ్జునుజ్జు. నాన్న పోయింది దానివల్లే. కొండ రోడ్డులో కుడి ముందు చక్రం ఊడి, జీపు లోయలోకి దొర్లింది. ఈ రోజు ఆ పాత చక్రం నీళ్ళతో కడిగి చూశాను. నట్లు పట్టే కన్నాలు గుండ్రంగా లేవు, కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉన్నాయి. నట్లు వదులై చక్రం చాలాసేపు ఊగితేనే అలా సాగుతాయి.

నాన్న నట్లు వదులుగా ఉంచడమా? రోజూ పొద్దున బండి తీసేముందు చిన్న సుత్తితో ఒక్కో నట్టూ తట్టేవాడు. టింగుమంటే బిగువు, టక్కుమంటే వదులు. నేనూ డిపోలో ఏ బస్సు ముట్టుకున్నా ముందు తట్టి వింటాను. ఆ ఒక్కరోజూ ఎందుకు తట్టలేదో.

ఎంత ఆలోచించినా తెగలేదు. చక్రం ఎత్తి గోడకేసి కొట్టాను.

ఫిబ్రవరి 17

స్ప్రింగులు మార్చి నాలుగంగుళాలు ఎత్తు పెంచాను. పెద్ద టైర్లు పడతాయి. ఎడమ పక్క చక్రాలు ఊడదీసేటప్పుడు నా చిటికెన వేలు వైపు చూసుకోకుండా ఉండలేను.

ఈ పాత జీపుల్లో ఎడమ పక్క నట్లకు ఎదురు మర ఉంటుంది. అంటే లోకంలో అన్నీ విప్పేటట్టు తిప్పితే ఇవి బిగుస్తాయి. పదకొండేళ్ళప్పుడు నాన్న విప్పమంటే సీసా మూత తిప్పినట్టే తిప్పాను. ఎన్నిసార్లు చెప్పానురా అన్నాడు. అంతకుముందు ఒక్కసారీ చెప్పలేదు. వీల్ స్పానర్ తీసుకుని వేలి మీద కొట్టాడు. అది వంకరగానే అతుక్కుంది. మళ్ళీ మర్చిపోలేదు.

చిన్నోడికి ఈ పని నాన్నా నేర్పలేదు, నేనూ నేర్పలేదు. వాడికి సూది చాలు.

ఫిబ్రవరి 26

వెల్డర్ వచ్చాడు. టాపు స్థానంలో ఇనప పైపుల చట్రం అతికించాడు. దొర్లినా తల పగలదు. జీపు చుట్టూ తిరిగి, ఇది బండా పెళ్ళికొడుకా, ఇంత ముస్తాబేంటి అన్నాడు. చాన్నాళ్ళకు నవ్వాను. పోతూ పోతూ మీ తమ్ముడు బంగారం, నా చొక్కాలన్నీ అతనే కుడతాడు అన్నాడు. నవ్వు పోయింది.

మార్చి 6

ఇంజను పలికింది!

మూడోసారికే. షెడ్డు రేకులన్నీ అదిరాయి. ఒళ్ళు పులకరించింది, కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, రాస్తే తప్పేముంది. లోపల అమ్మ చేతిలోంచి గ్లాసు జారిపడిన చప్పుడు. బయటికొచ్చి, అచ్చం అదే చప్పుడు అంది. అదే మరి, ఎంత కష్టపడ్డానో అన్నాను.

ఎడమ పక్క, ఇనప దవడల మధ్య సామాను బిగించే వైస్ ఉన్న బల్ల ఉంది కాబట్టి, జీపును కుడి గోడకు ఆనించినట్టే పెడుతున్నాను. అటు పక్క పిల్లి కూడా దూరదు.

మార్చి 11

చిన్నోడు బ్రేకు ఆయిలు డబ్బా తన్నేశాడు. కొత్తగా వేయించిన రంగు మీద పడి బుడగలు లేచాయి. చూడలేదన్నయ్యా అన్నాడు. చూసే తన్నాడు. వాడి కుడి చెయ్యి పట్టుకుని వైస్‌లో పెట్టాను. ఒక్క చుట్టు తిప్పాను. భయపెడదామనే. ఇంకో సగం చుట్టు ఎప్పుడు తిరిగిందో నాకు తెలియదు.

ఈసారి కళ్ళజోడు తీసుకునే టైము కూడా ఇవ్వలేదు.

మార్చి 12

రెండు వేళ్ళు విరిగాయి. కత్తెర పట్టే వేళ్ళు.

మార్చి 14

మెట్ల మీద పడ్డానని ఆసుపత్రిలో చెప్పాడట చిన్నోడు. చేతికి కట్టు. మిషను మీద గుడ్డ కప్పేశాడు. అమ్మ అన్నం కలిపి వాడికి ముద్దలు పెడుతోంది. నా వైపు చూడదు. నాకూ సిగ్గుగానే ఉంది. సిగ్గు పడినకొద్దీ వాడి మీద ఇంకా మండుతుంది, ఇదేం రోగమో.

రేపు కొండ రోడ్డు మీద ట్రయల్. అన్నం తింటూ చెప్పాను. ఎన్నింటికి, అంది అమ్మ. మూడు రోజులకు ఆవిడ నాతో అన్న మొదటి మాట. ఆరింటికి అన్నాను. సాయంత్రం క్యాను పట్టుకుని పెట్రోలుకి వెళ్ళి గంటన్నర తర్వాత వచ్చాను.

మార్చి 15, ఉదయం 5.40

అమ్మ టీ ఇస్తూ, మీ నాన్న పనితనంలో నీకు పావు వంతు రాదు, ఇదేం కదులుతుంది అంది. మామూలుగా అయితే గ్లాసు విసిరికొట్టేవాణ్ణి. ఈ రోజు నవ్వొచ్చింది. చూద్దువుగానిలే అన్నాను. ఇంత హాయిగా ఉన్న పొద్దు నాకు గుర్తులేదు.

మార్చి 15, ఉదయం 11

వరసగా రాస్తాను.

ఆరింటికి సుత్తి తీసుకుని నట్లు తట్టాను. ఎడమ వెనక చక్రం టింగు. ఎడమ ముందు చక్రానికి అయిదుకు బదులు నాలుగే నట్లు. అయిదోది, దాన్ని పట్టి ఉంచే స్టడ్ విరిగి, ఆ ముక్కతో సహా నేల మీద. మిగతా నాలుగూ పీకల దాకా బిగుసుకున్నాయి. స్పానర్‌కి నా పొడుగు పైపు తొడిగి ఉంది. ఎవరో బలమంతా పెట్టి తిప్పారు. బిగించడానికి కాదు, విప్పడానికి. ఎదురు మర అని తెలియక, మామూలుగా విప్పేవైపు తిప్పారు. కిర్రుమన్నప్పుడల్లా వదులైందనుకున్నారు.

నన్ను చంపాలని.

చిన్నోణ్ణి మంచం మీంచి జుట్టు పట్టి లాక్కొచ్చాను. షెడ్డులో పడేసి తన్నాను. పక్కటెముకల మీద, నడుం మీద. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, ఈ చేత్తో ఎలా తిప్పుతానన్నయ్యా అన్నాడు. వినలేదు. వినిపించింది, అయినా వినలేదు. పైపు తీసుకుని వాడి గొంతు మీద అడ్డంగా పెట్టి నొక్కాను. ముఖం నల్లబడుతోంది. నొక్కుతూనే ఉన్నాను.

అప్పుడు వెనకనుంచి అమ్మ, నేనే, అంది.

గట్టిగా కూడా అనలేదు. నువ్వు పెట్రోలుకి వెళ్ళినప్పుడు నేనే తిప్పాను, పైపు మీద ఎక్కి నిలబడి తిప్పాను అంది. పైపు తీశాను. చిన్నోడు దగ్గుతూ పక్కకి దొర్లాడు.

మీ నాన్నప్పుడు కుడి పక్క నట్లు తిప్పాను, అప్పుడు వచ్చేశాయి, అంది. ఈసారి కుడి పక్క గోడ ఉంది, ఎడమ పక్కవి తిప్పాను, రాలేదు.

ఆ ప్రమాదం జరిగిన రోజు నాన్న పదిహేడేళ్ళ చిన్నోణ్ణి ఫ్యాన్ బెల్టుతో స్పృహ తప్పేలా కొట్టాడు. అది నాకు గుర్తుంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆ కోపంతోనే నాన్న బండెక్కాడు. కోపంలో ఉన్నవాడు నట్లు తట్టి చూసుకోడని నాకు తెలుసు అంది అమ్మ. పొద్దున టీ ఇస్తూ ఆ మాట ఎందుకన్నదో అప్పుడర్థమైంది. నాకు కోపం తెప్పించడానికి. నా ఖర్మ, ఈ ఒక్కరోజే నాకు కోపం రాలేదు.

పైపు ఎత్తాను. అమ్మ మీదికే ఎత్తాను, దాచడం దేనికి.

అమ్మ వెనక్కి జరగలేదు. కళ్ళజోడు తీసి, మడిచి, జీపు బానెట్ మీద పెట్టింది. ఎక్కడ పెట్టాలో చూసుకోకుండానే చెయ్యి అటు వెళ్ళింది. ఆ బానెట్ మీద ఆవిడ ఎన్నిసార్లు అలా పెట్టి ఉంటుందో.

పైపు చేతిలోంచి జారిపోయింది.

నేను నాన్నని.

మార్చి 16

వెల్డర్ వ్యాను తెచ్చి చిన్నోణ్ణీ మిషన్నీ తీసుకెళ్ళాడు. చిన్నోడి చొక్కా గుండీలు అమ్మే పెట్టింది.

మార్చి 17

నువ్వూ వెళ్ళమ్మా అన్నాను. నేను వెళ్తే నిన్నెవరు చూస్తారు అంది. మొదట ప్రేమ అనుకున్నాను. తర్వాత అంది, వాడు ఎక్కడున్నా కోపమొస్తే ఈ బండేసుకుని వెళ్ళి కొడతావు, నేనిక్కడే ఉండాలి, అని.

మార్చి 21

వైస్ ఊడదీసి, బల్ల విరగ్గొట్టి బయట పడేశాను. విరిగిన స్టడ్ మార్చాను. ఎడమ పక్క నట్లు విప్పాలంటే ఎటు తిప్పాలో అమ్మకి చూపించాను. తనే ఒకసారి తిప్పి, ఇంత సులువా అంది. తట్టే సుత్తి ఆవిడకే ఇచ్చేశాను.

జీపును కుడి గోడకు మూడడుగులు ఇవతల పెట్టాను.