పెద్దాయన నుంచి ఫోన్

ఈరీ, పెన్సిల్వేనియా
అక్టోబరు 1987

ఫ్లోరిడా ఎండకి కమిలి ఎర్రబడ్డ నా ముద్దుల చెల్లెలు ఫెలీషియాకి,

ఆదివారం ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటి, దీనికి మతి గాని పోయిందా అనుకుంటున్నావు కదూ. మతి బాగానే ఉంది. పోతున్నది వేరే. అదేమిటో చివర చెప్తాను. ముందే చెప్పేస్తే మిగతాది చదవకుండా ఏడుస్తూ కూర్చుంటావు. ఎనిమిదో క్లాసుతో బడి మానేసినదాన్ని, తప్పులుంటే నువ్వే దిద్దుకుంటూ చదువుకో.

ముందు ఒక మంచి కబురు. పోయిన నెల మీ ఇంటికి ఫోన్ చేసి, "అటవీశాఖ నుంచి మాట్లాడుతున్నాం, మీ పెరట్లోకి మొసలి వచ్చింది, బల్ల ఎక్కి నిలబడండి" అన్న మగగొంతు నాదే. మీ ఆయన వాల్టర్ సాయంత్రం దాకా బల్ల దిగలేదని నువ్వు చెప్పినప్పుడు నవ్వాపుకోలేక ఫోన్ పెట్టేశాను. లైను తెగిపోయిందని అబద్ధం చెప్పాను.

మా బుధవారం ఆట గురించి నీకు ముక్కలు ముక్కలుగా చెప్పానే గాని మొత్తం ఎప్పుడూ చెప్పలేదు. మా ఆయన పోయిన ఏడు, చర్చివాళ్ళు పాత సామాన్లు అమ్ముతుంటే ఒక పెట్టె కొన్నాను. లోపల రకరకాల పాచికలు, లావుపాటి నియమాల పుస్తకం. పుస్తకం తెరిస్తే నిద్ర ముంచుకొచ్చింది, అంచేత నియమాలు నేనే కల్పించాను. ఆటలో అందరూ ఒక దొంగల ముఠా. వారానికి ఒక పని. ఓడరేవులో లారీ మాయం చెయ్యడం, జడ్జిగారి పందెం గుర్రాన్ని ఎత్తుకురావడం, అలాంటివి. నేను కథ చెప్తాను, మేమిలా చేస్తాం అని వాళ్ళంటారు, అది కుదిరిందో బెడిసికొట్టిందో పాచికలు తేలుస్తాయి. దారిలో ఎదురయ్యే పోలీసు, కాపలావాడు, కాపలావాడి కుక్క, అందరూ నేనే. అంటే అన్నిటికీ నా గొంతే.

ఆడేది ముగ్గురు. ఒకడు మాంసం కొట్టు బెర్నీ. వాడి కొట్టు కట్టేశాక వెనకగదిలోనే ఆట. పైన వేలాడే సాసేజీలు తలకి తగులుతుంటాయి. ఇంకొకడు మల్లోయ్, రిటైరైన పోలీసు. జన్మంతా దొంగల వెంట పరిగెత్తిన మనిషి, ఇప్పుడు దొంగగా ఆడమంటే పెళ్ళికొడుకులా తయారై వస్తాడు. ఇక ఓపల్ హించ్ గారు, లైబ్రరీలో అందరినీ "ష్" అనే ఆవిడ. ముఠాలో ఆవిడంత కిరాతకురాలు లేదు. శత్రువు పీక కోసే ముందు "తల కొంచెం పక్కకి తిప్పుతారా, దయచేసి" అని అడుగుతుంది.

ముఠాకి పెద్ద ఒకడున్నాడు. పేరు లేదు, పెద్దాయన. అతన్ని ఎవరూ చూడలేదు, ఫోన్‌లో గొంతు మాత్రమే. బెర్నీ గదిలో తీగ తెగిన పాత ఫోన్ ఒకటుంది. అది ఎత్తి, గొంతు పాతాళంలోకి దింపి, "ఒరేయ్ వెధవల్లారా, ఒక పని పడింది" అంటాను. మల్లోయ్ అంతటివాడు కూడా సర్దుకుని కూర్చుంటాడు. మంగళవారాలు నిజం ఫోన్‌లోనే కొట్టుకి చేసి, "రేపటికి రొట్టె తాజాది తేరా" అంటాను. కొనేవాళ్ళు నిలబడి వింటున్నా సరే, బెర్నీ "అలాగే పెద్దాయనా" అంటాడు.

ఇక చివర చెప్తానన్నది. ఎండాకాలం నుంచి నా గొంతు బొంగురుగా ఉందని నువ్వే అన్నావు. పెద్దాయన్ని ఎక్కువ వాడుతున్నానేమో అనుకున్నాను. కాదట. గొంతులో గడ్డ, చెడ్డజాతిది. క్రిస్మస్ దాటాక స్వరపేటిక మొత్తం తీసేసి, మెడకి చిల్లు పెడతారట. ఊపిరి అందులోంచే. బతుకుతానంటున్నారు. మాట్లాడనంటున్నారు. "మీరేమైనా అడగాలా?" అన్నాడు డాక్టరు. "ఈలోగా మీ గొంతుతో మీ ఆవిడకి ఒక్కసారి ఫోన్ చేసుకోనిస్తారా?" అని అడిగాను. నవ్వలేదు, రాయి మొహంవాడు.

కాబట్టి మీ వెనకగది ఖాళీ చేయించు. ఆపరేషన్ అయ్యాక మీ దగ్గరికి వచ్చేస్తాను. మూగ వాండాని ఇక్కడెవరికీ చూపించే ఉద్దేశం నాకు లేదు. ఇన్నాళ్ళూ నన్ను చూసి భయపడ్డవాళ్ళు జాలిపడుతుంటే నేను చూడలేను. ముఠాని మాత్రం ఊరికే వదిలిరాను. ఆఖరి పని ఒకటి ఇచ్చి ముగ్గుర్నీ చంపేస్తాను. దొంగలు పోయారు, ఆట అయిపోయింది, అంతే. ఎందుకని ఎవరూ అడగక్కర్లేదు. వాళ్ళకి చెప్పలేదు, నువ్వూ నోరు జారకు.

నీ అక్క
వాండా

*

ఈరీ
నవంబరు ఆఖరు

ఏడుపుగొట్టు ఫెలాకి, ముద్దులు,

నీ ఉత్తరం సగం కన్నీళ్ళకి తడిసి అలుక్కుపోయింది. మిగతా సగంలో నన్ను ఓపిక పట్టమన్నావు. నా దగ్గర లేనిది అదొక్కటేనని తెలిసీ అడిగావు.

చంపలేకపోయానే. విను.

చక్కటి వల పన్నాను. సరస్సు ఒడ్డున పాత ఐసు గోదాము, లోపల ఇంకో ముఠావాళ్ళు నక్కి ఉంటారు, వీళ్ళు అడుగుపెట్టగానే తలుపులు మూసుకుంటాయి. పాచికలు వేసే అవసరం కూడా రాదు. ఫోన్ ఎత్తాను. ఎత్తగానే ముగ్గురూ నావైపే చూస్తున్నారు, బెర్నీ గడ్డానికి ఆవాల ముద్ద అంటుకుని ఉంది, నాకు మనసెలాగో అయిపోయింది. "బాబులూ, ఇన్నాళ్ళూ చాలా కష్టపడ్డారు. ఐసు గోదాములో మీకు విందు ఏర్పాటు చేశాను. తుపాకులు అక్కర్లేదు, అందరూ రండి" అన్నాను.

"బాబులూనా?" అన్నాడు బెర్నీ.

"వెధవల్లారా అనలేదండీ" అంది ఓపల్ గారు, కళ్ళజోడు మీదనుంచి చూస్తూ.

మల్లోయ్ రొట్టె కొయ్యడం ఆపాడు. "కష్టపడ్డారన్నాడా? అయితే మనం చచ్చామన్నమాటే. నా సర్వీసులో ఎన్ని చూశాను! పెద్దవాడు తిట్టినన్నాళ్ళూ భయం లేదు. భుజం మీద చెయ్యేసి మెచ్చుకున్నాడా, మర్నాడు పొద్దున్న మేం వెళ్ళి కాలవలో వెతకడమే."

చూశావా? జీవితంలో ఒక్కసారి మంచిగా మాట్లాడాను, కొంప మునిగింది.

గోదాము ఛాయలకి పోలేదు వాళ్ళు. పెద్దాయన కారు నడిపే మెల్లకన్ను గస్‌ని మంగలి కుర్చీలోంచి సబ్బు నురగతో సహా ఎత్తుకొచ్చి కుర్చీకి కట్టేశారు. గస్ అంటే నేనే కదా. మల్లోయ్ కుర్చీ నా ఎదురుగా లాక్కుని, నాకు కాఫీ పోసి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. స్టేషన్‌లో ఇలాగే చేసేవాడు కాబోలు, కాఫీ చల్లారేసరికి దొంగ కరిగిపోయేవాడు.

"చెప్పరా గస్. మమ్మల్ని ఎందుకు చంపుదామనుకున్నాడు?"

"నాకేం తెలుసు దొరా" అన్నాను. సగంలో గొంతు చీలిపోయింది, దగ్గు వచ్చింది. బెర్నీ నీళ్ళు తెచ్చాడు.

మల్లోయ్ పాచికలు వేశాడు. మా బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉందే, అది నేను పెట్టిందే. పాచికలు పడి నోరు విప్పించారా, ఆ మనిషి నిజమే చెప్పాలి. చెప్పనంటే ఆట మీద నమ్మకం పోతుంది. పాచికలు పడ్డాయి. అంతకన్నా బాగా పడవు. నా ముందు రెండు దారులున్నాయి, ఆట పాడుచెయ్యడం, చెప్పడం. ఆట పాడుచెయ్యలేకపోయాను.

"పెద్దాయన గొంతులో గడ్డ లేచింది" అన్నాను గస్ గొంతుతో. "కోసి తీసేస్తారట. ఇంక ఫోన్ చెయ్యలేడు. మాట పెగలని పెద్దాయన్ని ఎవడు లెక్కచేస్తాడు? వాళ్ళు జాలిపడటం చూసేకన్నా వాళ్ళు లేకుండా పోవడమే నయమనుకున్నాడు."

బెర్నీ తలెత్తి సాసేజీలకేసి చూస్తూ ఉండిపోయాడు. ఓపల్ గారు కళ్ళజోడు తీసింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే ఆటలో లేనట్టు.

"ఆపరేషన్ ఎప్పుడండీ?"

"క్రిస్మస్ దాటాక" అన్నాను, నా గొంతుతోనే.

"అయితే మమ్మల్ని చంపేసి నువ్వు ఫ్లోరిడా చెక్కేద్దామనా?" అన్నాడు బెర్నీ. "అక్కడ నీకు ఈ సాసేజీలు ఎవడు పెడతాడు? ఆ కమలాపళ్ళు తిని చస్తావా?"

వాణ్ని, వాడి సాసేజీల్ని, వాడి తాతని తిట్టాను. ఇంక బుధవారాలు లేవని చెప్పి, పాచికలు బల్ల మీదే వదిలేసి వచ్చేశాను. తలుపు దాకా వెళ్ళి మెల్లిగా కోటు వేసుకున్నాను. బొత్తాలన్నీ పెట్టుకున్నాను. ఎవరూ ఆగమనలేదు ఫెలా. గడ్డకన్నా అదే నొప్పిగా ఉంది.

గది సిద్ధం చెయ్యి. కిటికీకి పరదా నీలంది కట్టు.

వాండా

*

ఈరీ
మార్చి

బంగారు ఫెలాకి,

ఆస్పత్రిలో నా పక్కన కూర్చుని నువ్వు చేసిన సేవకి థాంక్స్. నా నెత్తిన నువ్వు తొడిగిపోయిన ఆ ఎర్ర టోపీకి మాత్రం కాదు. నువ్వు వెళ్ళాక కుట్లు మానాయి, చలి మానలేదు. నర్సు ఇచ్చిన రాసి చెరిపేసే పలకతో తిరుగుతున్నాను. తిట్టు రాసి ముగించేసరికి తిట్టాల్సిన మనిషి వీధి చివరికి పోతోంది. ఈరీలో ఇప్పుడు నా అంత మర్యాదస్తురాలు లేదు.

పోయిన బుధవారం సాయంత్రం వాకిట్లో కారు హారన్ మోగింది. మల్లోయ్.

"ఎక్కు. ఎక్కడికని అడక్కు."

అడగడానికి గొంతేదిరా అని పలక మీద రాసి చూపించాను. "మరీ మంచిది" అన్నాడు.

బెర్నీ వెనకగదిలో కుళాయి ధారగా పారుతోంది, రేడియోలో బ్యాండు మేళం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. కుళాయి కట్టబోతే బెర్నీ చెయ్యి అడ్డం పెట్టాడు. బల్ల మీద నేను వదిలేసిన చోటే పాచికలు. ఎప్పుడూ నేను గోడవైపు మూలన కూర్చునేదాన్ని. ఆ రోజు కుర్చీ బల్ల మొదట్లో వేసి ఉంది. దాని మీద దిండు కూడా.

"సంగతేమిటంటే" అన్నాడు మల్లోయ్ అరుస్తూ, "పెద్దాయన ఫోన్ మానేశాడు. ఎందుకో మాకు తెలుసు. పోలీసులు లైను వింటున్నారు. నా సర్వీసులో ఒకడుండేవాడు. వాడి ఇంట్లో గోడల నిండా మైకులు పెట్టించాను. వాడు మాకేమీ వినపడకుండా కుళాయి తిప్పేవాడు, రేడియో పెట్టేవాడు, మనుషులకి గడ్డంతో చూపించేవాడు. ఒక్క మాట లేదు. నోరున్న దొంగలందర్నీ లోపలేశాను. వాణ్ని మాత్రం పట్టుకోలేకపోయాను. ఊరంతా భయపడింది కూడా వాడికే."

"మాకింతవరకూ పెద్దాయన దర్శనం కాలేదు" అంది ఓపల్ గారు. "కూర్చోమనండి."

కూర్చున్నాను. వాళ్ళ మొహాల్లో జాలి వెతికాను, ఫెలా. దొరికి ఉంటే లేచి వచ్చేసేదాన్ని, నీ నీలం పరదా గదిలో ఉండేదాన్ని. ముగ్గురూ నిజంగానే బిక్కుబిక్కుమంటూ చూస్తున్నారు, ఏం పని చెప్తానో అని.

పలక అందుకున్నాను. మల్లోయ్ లాగేసుకున్నాడు. "రాతలో ఏమీ వద్దు పెద్దాయనా! కోర్టులో సాక్ష్యమవుతుంది."

సరే అని వేలు చూపించాను, ఉంగరంలా చుట్టాను, తల మీద ఎత్తుటోపీ పెట్టినట్టు చూపించాను. బిషప్పుగారి ఉంగరం కొట్టుకురండిరా అని నా ఉద్దేశం. వాళ్ళు గుసగుసలాడుకుని బయల్దేరారు. పోలీసూ కాపలావాడూ ఓపల్ గారు అయ్యింది. కుక్క బెర్నీ అయ్యాడు, వాడు మొరిగితే పక్కవీధి కుక్కలు జవాబిచ్చాయి. చివరికి బిషప్పుగారి కారు తెచ్చారు, వెనక సీట్లో నిద్రపోతున్న బిషప్పుగారితో సహా. నేను చెప్పింది అది కానే కాదు. నేను చెప్పినదానికన్నా బాగుంది. నవ్వొచ్చింది. నవ్వితే ఇప్పుడు మెడ చిల్లులోంచి గాలి బుస్సుమంటుంది. ఆ బుస వినగానే ముగ్గురూ కొయ్యబారిపోయారు.

"పెద్దాయనకి కోపం వచ్చిందా?" అన్నాడు బెర్నీ, చిన్నగా.

గడ్డం ఒక్కసారి ఎత్తి దించాను. ఏం అర్థమైందో నాకే తెలీదు. బిషప్పుగారిని వెంటనే దుప్పటి కప్పి ఇంట్లో దించి వచ్చారు.

నిన్న మంగళవారం కదా, చెయ్యి ఊరుకోలేదు. కొట్టుకి ఫోన్ చేశాను. "హలో? ఎవరండీ? వినపడటంలేదు" అని బెర్నీ అరుస్తున్నాడు, వెనకాల ఎవరో పంది తొడ అడుగుతున్నారు. పాచికతో రిసీవర్ మీద టక్ టక్ మనిపించాను. అరుపు ఆగిపోయింది. "ఒక్క నిమిషం ఉండండమ్మా" అని ఆవిడతో అని, గొంతు తగ్గించి, "పెద్దాయనా? రొట్టె తాజాదే తెస్తాను" అన్నాడు.

ఆ వెనకగది వాల్టర్ గాలాలు పెట్టుకోవడానికి ఇచ్చెయ్యి. నేను రావడం లేదు.

ఈ ఆదివారం మీ ఫోన్ మోగుతుంది. ఎత్తితే అవతల ఎవరూ మాట్లాడరు. పెట్టెయ్యకు. పాచికతో ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు, ఆపకుండా కొడితే నువ్వు విసిగిస్తున్నావని. పుట్టినప్పటినుంచీ నేనే వాగాను, నిన్నొక మాట పూర్తి చెయ్యనివ్వలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు, నేను వింటాను. వాల్టర్ ఎత్తితే మాత్రం చప్పుడు చెయ్యను, ఊపిరి మాత్రం బుస్సుమనిపిస్తాను. మళ్ళీ బల్ల ఎక్కుతాడో లేదో చూసి చెప్పు.

నీ అక్క
వాండా